మూడో పాటకల్లా నీ చెయ్యి పరిగెడుతోంది, తమ్ముడూ

ప్రశ్న: అన్నా, నాకు 28 ఏళ్ళు. కొండాపూర్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడేళ్ళుగా గిటార్ వాయిస్తున్నాను. మొదట వీడియోలు చూసి నేర్చుకున్నాను, తర్వాత ఒక సార్ దగ్గర రెండేళ్ళు. ఇప్పుడు నలుగురం కలిసి చిన్న బ్యాండ్ పెట్టుకున్నాం. ఒక సింగర్, కీబోర్డ్, కహోన్ అనే పెట్టె డ్రమ్, నా గిటార్. శని, ఆదివారాల్లో కేఫ్‌లలో, అప్పుడప్పుడూ సంగీత్ ఫంక్షన్లలో వాయిస్తాం. ఇంట్లో మంచినీళ్ళు తాగినట్టు వచ్చే లీడ్, అంటే పాట మధ్యలో గిటార్ ముందుకొచ్చి వాయించే ముక్క, స్టేజీ ఎక్కితే రావడం లేదు. చేతులు చల్లబడతాయి, వేళ్ళు వణుకుతాయి. రెండేళ్ళుగా అవే 40 పాటలు తిప్పి తిప్పి వాయిస్తున్నాం. నేను ఎదగడం లేదనిపిస్తోంది. పైగా జనం వినరు. తింటారు, ఫోన్లు చూసుకుంటారు. ఉద్యోగం వల్ల ప్రాక్టీస్‌కి టైమ్ దొరక్క ఇలా అవుతోందా? మానేసి పూర్తిగా ఇందులోకే వచ్చేయాలా? మొన్నటి షో రికార్డింగ్ పంపుతున్నాను. విని, ఉన్నదున్నట్టు చెప్పండి.

— కొండాపూర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి నేనూ ‘మీరు’ పక్కన పెట్టేస్తున్నాను. ఉన్నదున్నట్టు చెప్పమన్నావు, అది ఇంకా మంచిది.

రికార్డింగ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి చాయ్ తాగుతూ మామూలుగా. రెండోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పక్కన టక్ టక్ మని టెంపో కొట్టే మెట్రోనోమ్ తెరుచుకుని. నీ ఉత్తరంలో ఒక మనిషి కనిపించాడు, రికార్డింగ్‌లో ఇంకో మనిషి వినిపించాడు. ఉత్తరంలోవాడు చేతులు వణుకుతున్నాయని బాధపడుతున్నాడు. రికార్డింగ్‌లో వాడి చేతులు బాగానే ఉన్నాయి. లీడ్‌లో రెండు చోట్ల తడబడ్డావు, ఒకచోట తప్పు ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ మెట్టు) పడింది. అంతే. అది ఆ హాల్లో ఎవరికీ తెలిసి ఉండదు. నువ్వు రాయని సంగతి ఇంకొకటి ఉంది, అది అందరికీ తెలిసే ఉంటుంది. ఎందుకో చెప్పలేకపోయినా, ఏదో ఇబ్బందిగా ఉందని అనిపించి ఉంటుంది.

మొదటి పాట నిమిషానికి 92 దెబ్బల దగ్గర మొదలైంది. చివరికి 96. రెండోది కూడా దాదాపు అదే టెంపోలో ఎత్తుకున్నారు, 100 దగ్గర తేలారు. మూడో పాటకి లీడ్ నీదే కదా, అది అయ్యేసరికి 104. కహోన్ కుర్రాడు పాపం నీ వెనకాలే పరిగెత్తాడు. నాలుగు నిమిషాల పాటని 92కి బదులు 104లో వాయిస్తే మూడున్నర నిమిషాల్లో అయిపోతుంది. ఆ మిగిలిన అరనిమిషం ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నావు? మీ సింగర్ అమ్మాయి ఊపిరిలోంచి. రెండో చరణం చివర దీర్ఘం తీయాల్సిన చోట ఆమె మధ్యలోనే తెంపేసింది, విను.

ఇంకొకటి. రెండో పాట పల్లవిలో ఆమె నాలుగుసార్లు ఊపిరి తీసుకుంటుంది. నాలుగుసార్లూ ఆ ఖాళీలో నువ్వు ఏదో ఒక ముక్క వాయించావు. నాలుగోసారి కీబోర్డ్ అతను కూడా ఒక చిన్న సంగతి మొదలుపెట్టాడు. రెండు స్వరాలు వేశాడు, నువ్వు పైనుంచి వచ్చేశావు, అతను ఆపేశాడు. ఆ తర్వాత పాట అయిపోయేదాకా అతను కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించేవి) తప్ప ఇంకేమీ వాయించలేదు. ఇది గమనించావా? అలిగాడని కాదు. వాయించేవాళ్ళకి ఎక్కడ చోటుందో, ఎక్కడ లేదో తెలిసిపోతుంది.

జనం వినడం లేదని రాశావు. వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ స్టేజీ మీద ఉన్న నలుగురిలో ఒకడు మిగతా ముగ్గురినీ వినడం లేదు.

కోపం వస్తే రానీ. నాకూ వచ్చింది. నీ వయసులో నేను ఒక హోటల్ లాబీలో వారానికి ఐదు రాత్రులు వాయించేవాణ్ణి. అలా నాలుగేళ్ళు. వేళ్ళు ఎంత వేగంగా కదిలేవంటే చూసేవాళ్ళు వీడియోలు తీసేవాళ్ళు. ఆ వేగం చూసే ఎవరో చెబితే కృష్ణానగర్ దగ్గర ఒక చిన్న స్టూడియోకి పిలిచారు. ఏదో సీరియల్‌కి టైటిల్ ట్రాక్. నేను మూడు రకాల లీడ్‌లు సిద్ధం చేసుకుని వెళ్ళాను. కూర్చున్నాక మ్యూజిక్ ప్రోగ్రామర్ అన్నాడు: “అన్నా, లీడ్ ఏం వద్దు. అకూస్టిక్ గిటార్ మీద స్ట్రమ్మింగ్ ఇవ్వు చాలు. రెండే కార్డ్స్, 84 టెంపో.” చిన్నపిల్లల పని అనుకున్నాను. పదకొండు టేకులైనా అవలేదు. చివరికి అతను మిగతావన్నీ మ్యూట్ చేసి, మెట్రోనోమ్ క్లిక్, నా గిటార్ మాత్రమే వినిపించాడు. ప్రతి బార్‌లోనూ, అంటే ప్రతి నాలుగు దెబ్బల వరసలోనూ, నా చెయ్యి క్లిక్ కంటే ముందే పడుతోంది. కొంచెమే. కానీ ఒక్కసారి కూడా దాని మీద పడటం లేదు. అతను నన్ను ఏమీ అనలేదు. ఒక ముక్క బాగా వచ్చింది, దాన్నే కట్ చేసి పాటంతా అతికించుకుంటానన్నాడు. సగం రోజు డబ్బులిచ్చి పంపాడు. యూసుఫ్‌గూడ బస్తీలోంచి బండి మీద ఇంటికొస్తుంటే ముఖం కాలిపోయింది. నాలుగేళ్ళు వారానికి ఐదు రాత్రులు వాయించిన వాడికి రెండు కార్డ్స్ తిన్నగా వాయించడం రాదు!

అంచేత, రోజూ స్టేజీ ఎక్కితే ఎదుగుతాం అనేది నేను నమ్మను. మనలో ఏముందో స్టేజీ బయట పెడుతుంది, అంతే. అందులో కలిపేది ఇంట్లోనే.

టెంపో సంగతి ఇలా చెయ్. భయం వేస్తే గుండె వేగంగా కొట్టుకుంటుంది, అప్పుడు మామూలు టెంపో కూడా ఈడ్చినట్టు అనిపిస్తుంది. సరిపోయిందనుకున్న టెంపో నిజానికి ఎక్కువైపోతుంది. కాబట్టి స్టేజీ మీద ‘అనిపించడాన్ని’ నమ్మకు. ఇంట్లో మెట్రోనోమ్‌ని 92కి పెట్టి దాని వెంట నడవడం సులువు, నాలుగు దెబ్బలూ అదే కొడుతుంది. నువ్వు 46కి పెట్టు. వచ్చే క్లిక్‌ని రెండో దెబ్బ, నాలుగో దెబ్బ అనుకో. ఒకటీ, మూడూ నువ్వే మోయాలి. రెండు వారాలకి అది కుదిరాక 23కి దించు. బార్‌కి ఒక్కటే క్లిక్ వస్తుంది. కొన్ని యాప్‌లు అంత కిందకి వెళ్ళవు, వెళ్ళేది వెతుక్కో. మధ్యలో ఉన్న ఆ పెద్ద ఖాళీలో నువ్వు ఎంత పరిగెడుతున్నావో మొదటి రోజే తెలుస్తుంది. ఏడుపొస్తుంది కూడా.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మన కర్ణాటక సంగీతం పాఠాల్లో సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడిస్తారు చూడు, అదీ ఇదే. తాళం కదలదు. చెయ్యి అదే నడకలో పడుతుంటుంది. స్వరాలు మాత్రం రెట్టింపు, ఆపైన నాలుగింతలు అవుతాయి. నేను స్టూడియో దెబ్బ తిన్నాక మా వీధిలో పిల్లలకి పాఠం చెప్పే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళి ఇదే నేర్చుకున్నాను, పక్కన ఏడేళ్ళ పిల్లలతో కూర్చుని. గిటార్ మీద చేయాలంటే ఒకే స్ట్రింగ్ తీసుకో. ఓపెన్ స్ట్రింగ్‌ని సా అనుకుంటే మాయామాళవగౌళ రాగం 0, 1, 4, 5, 7, 8, 11, 12 ఫ్రెట్ల మీద వస్తుంది. పాదంతో ఆది తాళం ఎనిమిది దెబ్బలూ వేస్తూ వాయించు. మొదటి కాలంలో బోర్ కొడుతుంది, రెండో కాలంలో హాయిగా ఉంటుంది, మూడో కాలంలో పాదం తెలీకుండా వేగం అందుకుంటుంది. అక్కడ ఆగు. ఆ పాదం కదలకుండా ఉండటమే నీకిప్పుడు కావలసిన లీడ్.

చేతుల వణుకు సంగతి. అది పోదు. నాకు ఇప్పటికీ మొదటి పాటకి వేళ్ళు చల్లగానే ఉంటాయి. ఎక్కే ముందు ఇరానీ చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటాను. తాగడానికి కాదు, వేడికి. నువ్వు చేసుకోగలిగింది ఏమిటంటే, వణికే చేతులకి కూడా కుదిరే పనే వాటికి అప్పగించడం. మొదటి పాటలోనే లీడ్ పెట్టుకోకు. మూడో పాటకి పెట్టుకున్నావు, అది పర్వాలేదు. కానీ ఆ లీడ్ ఇంట్లో నీకు ఎలా వస్తుంది? మంచం మీద కూర్చుని, గిటార్ తొడ మీద పెట్టుకుని, తప్పొస్తే మళ్ళీ మొదటి నుంచి. అవునా? స్టేజీ మీద నిలబడతావు. స్ట్రాప్ కిందకి వేలాడేస్తే మణికట్టు వంపు మారిపోతుంది. అదే లీడ్, అదే చెయ్యి, కానీ వేళ్ళు ఫ్రెట్ మీద వేరే కోణంలో పడతాయి. కూర్చున్నప్పుడు గిటార్ ఏ ఎత్తులో ఉంటుందో నిలబడ్డా అదే ఎత్తులో ఉండేట్టు స్ట్రాప్ బిగించు. చూడ్డానికి రాక్‌స్టార్‌లా ఉండదు. సర్దుకో.

మరీ ముఖ్యంగా, రోజుకి ఒక్కసారి ఒక్క పాట నిలబడి వాయించు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, తప్పొచ్చినా ఆగకుండా, చివరిదాకా. ఒక్కటే టేక్. బాగా రాకపోతే రేపే మళ్ళీ, ఈరోజు కాదు. మనం ఇంట్లో ఏళ్ళ తరబడి ప్రాక్టీస్ చేసేది తప్పు దగ్గర ఆగడం. స్టేజీ మీద ఆగే వీలుండదు, అందుకే ఏం చేయాలో చేతులకి తోచదు. దాన్నే మనం టెన్షన్ అంటాం.

ట్యూనింగ్ గురించి కూడా ఒక మాట, నీ ఐదో పాట విన్నాక చెప్పక తప్పడం లేదు. ఒక మే నెలలో శామీర్‌పేట దగ్గర లాన్స్‌లో రిసెప్షన్. కారులో ఏసీ వేసుకుని వెళ్ళి, గిటార్ బ్యాగులోంచి తీసి, ట్యూనర్ చూసి, నేరుగా స్టేజీ ఎక్కాను. వేడికి స్ట్రింగ్స్ సాగాయి, ఆపైన మొహం మీద ఫోకస్ లైట్లు. రెండో పాటకల్లా అన్నీ కిందకి జారాయి. కీబోర్డ్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మా సింగర్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ఎక్కడ వాయించాలో అక్కడి గాలిలో అరగంట ముందే గిటార్ బయట పెడతాను. కొత్త స్ట్రింగ్స్ షో రోజున వేయను, రెండు రోజుల ముందే వేసి సాగదీస్తాను. ట్యూనర్ చూసేది ఎక్కే ముందు. ఎక్కాక చెవే.

ఇప్పుడు నీ 40 పాటలు. కొత్తవి 40 నేర్చుకుంటే ఎదిగినట్టు కాదు, 80 పాటల్లో అదే పని చేస్తావు. ఉన్నవాటిలోనే ఒకటి తీసుకుని నీ వాటా తగ్గించి చూడు. ఉదాహరణకి నీ రికార్డింగ్‌లో నాలుగో పాట. కార్డ్స్ జీ, ఈ మైనర్, సీ, డీ. నువ్వు మొత్తం ఆరు స్ట్రింగ్స్ మీద ఓపెన్ కార్డ్స్ దంచుతున్నావు. మూడు లావు స్ట్రింగ్స్ పలికే చోటే కీబోర్డ్ ఎడమ చెయ్యి కూడా ఉంది. రెండూ కలిసి ముద్దయిపోయాయి. ఆ మూడింటినీ వదిలెయ్. సన్నవి మూడు, అంటే మూడు, రెండు, ఒకటో స్ట్రింగ్స్ మాత్రం వాయించు. జీకి మూడో స్ట్రింగ్ మీద 4, రెండో దాని మీద 3, మొదటి దాని మీద 3. ఇక ఈ మైనర్‌కి వెళ్ళాలంటే ఒక్క వేలు కదిపితే చాలు: రెండో స్ట్రింగ్ 3 నుంచి 5కి. అక్కడి నుంచి సీకి? మళ్ళీ ఒక్కటే: మూడో స్ట్రింగ్ 4 నుంచి 5కి. మొదటి స్ట్రింగ్ మీద మూడో ఫ్రెట్ ఈ మూడు కార్డ్స్‌కీ అలాగే ఉంటుంది. డీకి సీ ఆకారాన్నే రెండు ఫ్రెట్లు పైకి జరుపు: 7, 7, 5.

ఒకసారి నెమ్మదిగా వాయించి విను. కార్డ్ మారుతోందని చెప్పేది ఆ కదిలే ఒక్క స్వరమే. మిగతా రెండూ ఊరికే నిలబడి ఉంటాయి. ఇన్నాళ్ళూ ఆరు స్ట్రింగ్స్ చప్పుడులో ఆ ఒక్క అడుగు నీకే వినపడలేదు. దాన్ని సింగర్ రాగం పక్కన పెట్టుకుని చూడు, ఎక్కడ ఆమెతో కలుస్తోంది, ఎక్కడ అడ్డం పడుతోంది. అడ్డం పడితే వేరే చోట అదే కార్డ్ వెతుక్కో. ఒక పాట మీద ఈ పని చేస్తే నెల పడుతుంది. అలాంటివి ఇంకా 39 ఉన్నాయి నీ దగ్గర, ఇక కొత్తవి ఎందుకు?

లీడ్ నేర్చుకోవడానికి ట్యాబ్‌లు, అంటే ఏ స్ట్రింగ్ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో అంకెల్లో రాసినవి, చూస్తావని అనుకుంటున్నాను. వాటిలో ఫ్రెట్ నంబర్లు సరిగ్గానే ఉంటాయి, కానీ స్వరం ఎక్కడ మొదలై ఎక్కడికి జారాలో అది ఉండదు. ఈ విషయంలో నాకు ఎప్పుడూ మాండొలిన్ శ్రీనివాస్ గుర్తొస్తారు. పాలకొల్లులో పుట్టిన పిల్లాడు, వాయిద్యం చూస్తే పాశ్చాత్యానిది, ఫ్రెట్లు ఉన్నది, జంట తీగలది. గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) పలకడానికి అసలు పనికిరాదని అందరూ అనుకునేవారు. ఆయన జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసుకుని, ఎలక్ట్రిక్ చేసుకుని, ఐదో తీగ కలుపుకున్నారు. కానీ నన్ను ఆశ్చర్యపరిచేది అది కాదు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు ఆయన, గాత్రం మనిషి. గురువు పాడేవారు, పిల్లాడు విని వాయిద్యం మీద వెతుక్కునేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళే లేరు. చెవి ఒక్కటే దారి.

నువ్వూ అలా ఒక పాట పల్లవి తీసుకో. ముందు పాడు. గొంతు బాగాలేకపోయినా ఫర్వాలేదు, తలుపేసుకుని పాడు. సింగర్ ఎక్కడ ఊగుతోంది, ఎక్కడ నిలబడుతోంది, ఎక్కడ ఊపిరి తీసుకుంటోంది, అన్నీ నీ గొంతులోకి వచ్చాక ఒకే స్ట్రింగ్ మీద జారుస్తూ వెతుకు. ఒక్క వాక్యానికి ఒక సాయంత్రమంతా పడుతుంది. ట్యాబ్ అయితే ఐదు నిమిషాలే. కానీ ఇలా దొరికింది స్టేజీ మీద చేతులు వణికినా పోదు, ఎందుకంటే అది చేతుల్లో ఉండదు.

తర్వాత ఆ జనం. తమ్ముడూ, కేఫ్‌కి వాళ్ళు తినడానికి వస్తారు. శనివారం సాయంత్రం వారమంతా ఆఫీసులో నలిగి వచ్చి, ఎదురుగా ఇష్టమైన మనిషి కూర్చుంటే, నీ లీడ్ వినలేదని నేరమా? ఒకసారి కొంపల్లిలో రిసెప్షన్‌లో నేను కళ్ళు మూసుకుని మంచి ఊపులో ఉండగా ఒక పెద్దావిడ స్టేజీ దగ్గరికొచ్చి, “బాబూ, సౌండ్ కొంచెం తగ్గించు నాయనా, పదేళ్ళ తర్వాత కలిశాం, మాట్లాడుకోవాలి” అంది. అప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ హాల్లో నా సంగీతాన్ని అంత జాగ్రత్తగా కొలిచిన మనిషి ఆవిడే. తగ్గించాను. తగ్గించాకే మా వయొలిన్ అతను ఏం వాయిస్తున్నాడో నాకు వినపడింది.

వినడానికే వచ్చే జనం కావాలంటే అలాంటి చోటికి వెళ్ళు. బంజారాహిల్స్‌లో లమకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది. 2010 నుంచి నడుస్తోంది. చెట్టు కింద చాయ్, సమోసాలతో కూర్చుని శ్రద్ధగా వినేవాళ్ళు అక్కడ దొరుకుతారు. అక్కడ నెలకి ఒకసారి రెండు పాటలు వాయించినా కేఫ్‌లో ఎనిమిది షోల కంటే ఎక్కువ తెలుస్తుంది నీ గురించి. కానీ కేఫ్ మానకు. వినని వాళ్ళ ముందు మర్యాదగా, చక్కగా వాయించడం కూడా ఈ పనిలో భాగమే.

ఫంక్షన్లలో ఇంకో తలనొప్పి టైమ్. రాత్రి 10 తర్వాత బయట లౌడ్‌స్పీకర్లు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. సంగీత్ 7 గంటలకని కార్డులో వేస్తారు, పెళ్ళికూతురు మేకప్ అయ్యేసరికి తొమ్మిదిన్నర. రెండు గంటల ప్రోగ్రామ్‌కి ప్రాక్టీస్ చేసుకున్నవాడికి చేతికొచ్చేది పాతిక నిమిషాలు. ఏవి తీసేయాలో ముందే రాసి పెట్టుకోండి. స్టేజీ మీద గుసగుసలాడుకోవడం చూడ్డానికి బాగోదు. 10 కొట్టాక మైకులు ఆగినా, మర్నాడు పొద్దున బరాత్‌లో తీన్‌మార్ వాళ్ళు వస్తారు కదా, ఉండి చూడు. నేను రిథమ్ గురించి నేర్చుకున్న దాంట్లో సగం వాళ్ళ దగ్గరే. వాళ్ళ చూపు డప్పు మీద ఉండదు, ఆడేవాళ్ళ కాళ్ళ మీద ఉంటుంది. పెళ్ళికొడుకు మేనమామ అలసిపోతే దరువు కాస్త తగ్గుతుంది, కుర్రాళ్ళు దూకితే గట్టిపడుతుంది. ఎవరూ సైగ చేయరు. అంత మోతలోనూ వాళ్ళు ఎదుటివాళ్ళని గమనిస్తూనే ఉంటారు.

చివరగా ఉద్యోగం. ఇప్పుడు మానకు. నా లెక్క పంచాంగంతో. మన ఆదాయంలో పెద్ద ముక్క పెళ్ళిళ్ళ మీద ఉంటుంది. ఆషాఢంలో ముహూర్తాలు లేవు. భాద్రపదంలో లేవు, అయితే వినాయక మండపాల ప్రోగ్రాములు కొన్ని దొరుకుతాయి. పుష్యంలో లేవు. ఇవి కాక గురు మూఢం, శుక్ర మూఢం వస్తే మంచి నెలలకి కూడా గండి పడుతుంది. ఆ రోజుల్లో ఈవెంట్ మేనేజర్ మన ఫోన్ ఎత్తడు. ఎత్తితే పాత బాకీ అడుగుతామని భయం. అప్పుడు ఇల్లు నడిపేది పిల్లలకి చెప్పే క్లాసులు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఆరుగురు పిల్లల చేత అదే జీ కార్డ్ పట్టిస్తాను. నాకు ఇష్టమే, నీకు ఇష్టమో కాదో ముందు చూసుకో. ఇంట్లో ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టి, ఒక ఆషాఢం, ఒక పుష్యం నీ సంగీతం డబ్బుతోనే గడిపి చూశాక అప్పుడు మళ్ళీ ఉత్తరం రాయి.

పైగా మానేస్తే ప్రాక్టీస్‌కి టైమ్ దొరుకుతుందనేది భ్రమ. నాకు రోజులో దొరికేది గంట. మిగతాది స్పీకర్లు మోయడం, ట్రాఫిక్, సౌండ్ చెక్, డబ్బుల కోసం ఫోన్లు. నీకూ రోజుకి 40 నిమిషాలు దొరుకుతాయి. పైన రాసినవన్నీ అందులో పడతాయి. ఆఫీసుకి వెళ్ళేప్పుడు గచ్చిబౌలి దగ్గర ఇరుక్కుంటావు కదా, ఆ టైమ్‌లో ఒకే పాట పెట్టుకుని బేస్ గిటార్ ఒక్కటే విను. మర్నాడు అదే పాటలో డ్రమ్స్‌లోని హై హ్యాట్ (జంట తాళాలు) ఒక్కటే. అది కూడా ప్రాక్టీసే, గిటార్ అక్కర్లేదు.

అన్నట్టు, చెవుల్ని కాపాడుకో. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటల దాకా ఉండొచ్చని, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుందని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటే. డీజే స్పీకర్ పక్కన నిలబడి మన వంతు కోసం గంటలు ఎదురుచూస్తాం మనం. ఇయర్‌ప్లగ్స్ కొనుక్కో, ఎఫెక్ట్ పెడల్ తర్వాత కొనుక్కోవచ్చు.

వచ్చే శనివారం షోకి నీకు ఒకటే పని. రెండో పాటలో సింగర్ ఊపిరి తీసుకునే ఆ నాలుగు చోట్లా ఏమీ వాయించకు. చెయ్యి దురద పెడుతుంది, జేబులో పెట్టుకో. కీబోర్డ్ అతను ఏం చేస్తాడో చూడు. ఆ రికార్డింగ్ నాకు పంపు. ఈసారి ఫోన్ నీ ఆంప్ (గిటార్ స్పీకర్ పెట్టె) మీద కాదు, తినేవాళ్ళ టేబుల్ మీద ఎవరినైనా అడిగి పెట్టు. ఇంకా, ఆ మొదటి స్ట్రింగ్ మార్చు. తుప్పు పట్టిందని వింటేనే తెలుస్తోంది.